మూతాలమ్మ అధికార పరిధి

దేవుడి శక్తికి హద్దుందా లేదా అని వేల ఏళ్ళుగా గడ్డాలు పెంచుకుని తగువులాడుకున్న పెద్దలందరికీ ఇందుమూలంగా తెలియజేయడమేమంటే, హద్దు దొరికింది. పుదుచ్చేరి టౌనులో, సున్నంబట్టీ వీధిలో, టైలరు కొట్టుకు ఎదురుగా ఉంది. గుండ్రంగా ఉంటుంది. ఇనపది. మామూలు జనం దాన్ని మ్యాన్‌హోల్ మూత అంటారు.

మూత మీద దేవత కూర్చుని ఉంది. మూత కింద మురుగు కదలకుండా కూర్చుని ఉంది. వీళ్ళిద్దరికీ ఎదురింట్లో రాసాత్తి ఉంది. గట్టివాన పడితే చాలు, ఆమె వంటింటి తూములోంచి ఊరందరి పాపం పైకి వస్తుంది. (పాపం అన్నది మర్యాదకు. ఏం వస్తుందో మీకు తెలుసు.) గ్యాసు సిలిండరు కింద ఇటుకలు, ఆ ఇటుకల కింద మళ్ళీ ఇటుకలు. ఊరు ఎదుగుతోందో లేదో గానీ రాసాత్తి సిలిండరు మాత్రం ఏటేటా ఎదుగుతోంది. దీపావళి వానలు రాకముందే మూత తీయించాలి, మురుగు తోడించాలి. ఇటు దేవుణ్ణీ అటు సర్కారునూ ఆమె అడిగింది ఇంతే.

దేవత అక్కడికెలా వచ్చిందో ముందు చెప్పాలి. ఆ మూత ఒకప్పుడు పగిలి, నోరు తెరుచుకుని ఉండేది. పాలవాడు సైకిలుతో సహా పడ్డాడు. ఒక టూరిస్టు పసుప్పచ్చ గోడను ఫొటో తీసుకుంటూ వెనక్కి వెనక్కి నడిచి పడ్డాడు. వీధివాళ్ళు ఆఫీసు చుట్టూ తిరిగారు. ఆఫీసు వీధివాళ్ళ చుట్టూ తిరగలేదు. ఆఖరికి రాసాత్తి అత్త అన్నమ్మాళ్‌కు ఒళ్ళు మండి, ఒక రాయికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, గుంట పక్కన నిలబెట్టింది. ఎర్రగుడ్డ కడితే ఎవడూ ఆగడు, పసుపు రాయికి ఎంత వెధవైనా ఆగుతాడని ఆమె అంచనా.

అంచనా తప్పలేదు. ఆగారు. ఆగినవాళ్ళు చెప్పులు విప్పారు. చెప్పులు విప్పినవాళ్ళు దండం పెట్టారు. ఇంతకాలం పాలవాడి కోసం రాని కొత్త మూత, దేవత గుంటలో పడితే గొడవలవుతాయని వారం తిరక్కుండా వచ్చింది. రాయి మూత మధ్యకెక్కింది. నెత్తిన రేకుల కప్పు వచ్చింది, పక్కన హుండీ వచ్చింది, మూతాలమ్మ అని పేరొచ్చింది. ఆ ఏడు ఆడి నెలలో, అంటే అమ్మవార్ల జాతర్ల నెలలో, సాక్షాత్తూ అన్నమ్మాళ్ ఒంటిమీదికే మూతాలమ్మ వచ్చింది. (తాము నిలబెట్టిన రాయి తమ నెత్తికే ఎక్కడం ఓట్లు వేసే జనానికి కొత్త కాదు.)

ఇప్పుడు చిక్కల్లా ఒకటే. మూత తీయాలంటే దేవతను లేపాలి.

"దేవతను లేపేదానికి మాకు అధికారం లేదక్కా," అన్నాడు ఇళవరసన్. ఇతను పట్టణ మురుగు సమన్వయ విభాగంలో జూనియర్ ఇంజనీరు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో తమిళం, ఫైల్లో ఇంగ్లీషు.

"కూసోబెట్టేదానికి ఎవుర్ని అడిగినారు సార్?"

"ఎవుర్నీ అడగల్యా. అందుకే కూసోనుంది."

"అయితే అట్నే ఎవుర్నీ అడక్కుండా లేపండి."

"అదెట్టక్కా? జరిగిపోయినదానికి అనుమతి అక్కర్లా. జరగాల్సినదానికే కావాల."

రాసాత్తి ఇంటికొచ్చి మొగుడి మీద విరుచుకుపడింది. మొగుడు ముని అదే విభాగంలో కాంట్రాక్టు మనిషి. పర్మనెంటు చేస్తామని చెప్పి చెప్పి, చెప్పినవాళ్ళందరూ పర్మనెంటుగా రిటైరయ్యారు.

"నీ ఆఫీసే కదయ్యా, ఒక మాట చెప్పగూడదా?"

"నేను చెప్తే వింటారా? నేను మురుగులో దిగేవాణ్ణి. మురుగు గురించి మాట్టాడేవాళ్ళు వేరే ఉండారు."

విభాగం చేతులు ముడుచుకుని కూర్చుందని మాత్రం అపవాదు వేయకూడదు. వెంటనే 'దైవశక్తి పరిధి నిర్ధారణ ఉపసంఘం' ఏర్పడింది. అధ్యక్షుడు రామానుజం. అరియాంకుప్పంలో పొలాలున్న పాత తెలుగు కుటుంబం. ఎన్నో శాఖల్లో పెద్ద అధికారిగా చేసి, ఏ శాఖలోనూ పని చేసిన మచ్చ లేకుండా రిటైరైన మనిషి. ఉపసంఘం తేల్చాల్సింది ఇది: భక్తురాలి వంటింట్లోకి మురుగు పోతుంటే మూతాలమ్మ ఎందుకు ఆపలేదు? శక్తి లేకనా, మనసు లేకనా, సమాచారం అందకనా?

శక్తి లేదంటే భక్తుల మనోభావాలు దెబ్బతింటాయి. మనసు లేదంటే దేవత మనోభావాలు దెబ్బతింటాయి. సమాచారం అందలేదంటే ఎవరికీ ఏమీ కాదు. (ఈ దేశంలో ఏ ఘోరానికైనా మూడో కారణమే రాస్తారు. చేతికి అలా అలవాటైపోయింది.)

"దేవత మురుగు మిందనే కూసోనుంది కదా సార్," అంది రాసాత్తి. "వాసన రాదా?"

"వాసన సమాచారం కాదమ్మా," అన్నాడు రామానుజం ఓపికగా. "పై నుంచి రావాల. అది కింద నుంచి వస్తా ఉంది."

ఇంకో పేచీ కూడా ఉంది. వాన వరుణుడిది. ఆయన దేశం మొత్తానికి ఒక్కడే గనక కేంద్రం కిందికి వస్తాడు. మూతాలమ్మ స్థానిక సంస్థ. కేంద్రం కురిపించినదాన్ని స్థానిక సంస్థ ఆపవచ్చునా? మురుగు మనుషులు చేసింది, వాన దేవుడు చేసింది, రెండూ కలిసి తూములోంచి వస్తే అది ఎవరి చెడు కింద లెక్క? దీని మీద మూడు సమావేశాలు, లెక్కలేనన్ని మసాలా వడలు అయిపోయాయి. చివరకు దేవతనే పిలిచి అడుగుదామన్నారు.

విచారణ శుక్రవారం, వీధిలోనే, షామియానా కింద జరిగింది. అన్నమ్మాళ్ మామూలప్పుడు తేంగాయితిట్టు రేవులో చేపల వేలంలో తమిళంలో ఎవరినైనా నోరు మూయించగలదు. పూనకంలో మాత్రం తెలుగు తప్ప ఒక్క ముక్క రాదు. ఉపసంఘంలో అందరికీ ఇంటి భాష తెలుగే. కానీ అధికారికంగా ఎవరికీ అర్థం కాకూడదు గనక యానాం నుంచి ఒక అనువాదకుణ్ణి రప్పించారు. (యానాం మన సర్కారుదే. పటంలో చూస్తే గోదావరి ఒడ్డున దొరుకుతుంది.)

పూనకానికి వాయించే ఉడుక్క మోగింది. అన్నమ్మాళ్ జుట్టు విరబోసుకుని, వేపమండ ఝాడించి ఊగింది.

"ఏందిరా, మందగా వచ్చినారు? యాడా లేదా మీకు మేత?"

"సభ్యులకు స్వాగతం అంటున్నారండి," అన్నాడు అనువాదకుడు.

రామానుజం చేతులు జోడించాడు. "తల్లీ, నీ శక్తికి హద్దు ఉందా?"

"నా శక్తికి హద్దేందిరా! ఆ సముద్రాన్ని లేపి నిలబెట్టేస్తా!"

"మరి ఈ ఇంట్లోకి వచ్చే మురుగు?"

"నన్ను లేచేదానికి కాళ్ళు పెట్టి చేసినారా? మూత ఎత్తేదానికి చేతులు పెట్టి చేసినారా? రాయిని తెచ్చి పెట్టినారు. చేతులు మీకుండాయి కదరా, సోంబేరి నాయాళ్ళారా!"

అనువాదకుడు ఒక్క క్షణం ఆలోచించాడు. "సిబ్బంది కొరత ఉందంటున్నారండి."

రామానుజానికి ప్రాణం లేచి వచ్చింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత దగ్గరి చుట్టంలా ఎవరూ మాట్లాడలేదు. అక్కడికక్కడే తీర్మానం రాయించాడు: 'శక్తి అపరిమితము. అమలు, సిబ్బంది లభ్యతను బట్టి.' ఉపసంఘం చప్పట్లు కొట్టింది. దేవుడు కూడా మనలాంటివాడే అని తేలడం కంటే భక్తికి ఇంకేం కావాలి?

అప్పుడు రాసాత్తి లేచింది. అడగాలని వచ్చింది కాదు. నోట్లోంచి వచ్చేసింది.

"అమ్మా, నాదొక మాట. మా బావ కాలాపేట రోడ్డులో హోటలు మురుగు ట్యాంకులో దిగినాడే, ఆ దినం నువ్వు యాడుంటివి?"

మునికి అన్న ఒకడుండేవాడు. (దిగినట్టు సాక్షులున్నారు. ఎక్కినట్టు లేరు.) వాణ్ణి కన్నది అన్నమ్మాళే.

ఊగుతున్న ఒళ్ళు ఆగిపోయింది. ఉడుక్క వాయించేవాడు కూడా ఆపాడు. చేతిలో వేపమండను కింద పెట్టింది మూతాలమ్మో, అన్నమ్మాళో. ఎవరి మాట అనువదించాలో తెలియక యానాం ఆయన అటూ ఇటూ చూసి కూర్చున్నాడు. 'జవాబు పరిశీలనలో ఉన్నది' అని రాసుకుని, టీ తెప్పించారు.

ఏదైతేనేం, దేవతను తాత్కాలికంగా కదిలించడానికి అనుమతి వచ్చింది. గుడి బాగుచేసేటప్పుడు సామికి పక్కన బాలాలయం కట్టడం ఆనవాయితీ కదా, మూతాలమ్మకూ కట్టాలి. పీఠం పాతదానికంటే ఎత్తుగా ఉండాలి, తూర్పు ముఖం ఉండాలి, ట్యూబులైటు ఉండాలి, ఫ్యాను ఉండాలి. (రాసాత్తి ఇంట్లో ఫ్యాను తిరగదు. ఆమె దేవత కాదు.) వీధి మొగలో సిమెంటు దిమ్మె లేచింది. మేళతాళాలతో రాయి దానిమీదికి పోయింది. పాత చోట రేకుల కప్పు, దాని కింద ఖాళీ మూత మిగిలాయి.

మరునాడు మురుగు తోడే మిషను వచ్చింది. వీధి మొగలో ఆగింది. బాలాలయం అడ్డంగా ఉంది.

"మిషను లోపలికి రావాలంటే దేవతను లేపాల," అన్నాడు డ్రైవరు.

రామానుజం ఆకాశం వంక చూశాడు. అక్కడ సముద్రం వైపు నుంచి మబ్బు పట్టి, చినుకులు మొదలయ్యాయి. అప్పటికే కూలీలు గడ్డపారలతో మూతను సగం జరిపేశారు. వాసన వీధంతా నిలబడింది. రాసాత్తి వంటింట్లో తూము గుడగుడమంది.

"మనిషిని దించేది చట్టం ఒప్పుకోదు," అన్నాడు ఇళవరసన్ అందరికీ వినబడేలా. "నేనూ ఒప్పుకోను." తర్వాత మునిని పక్కకు పిలిచాడు. "ఎవురికీ చెప్పొద్దు. సీక్కిరం, గబుక్కున దిగి అడ్డం తొలిగేటట్టు ఒక పోటు పొడిచెయ్. నీ ఇల్లే కదా."

(ఈ పనికి ఉపసంఘం అక్కర్లేదు.)

ముని పెళ్ళాం వంక చూశాడు. "నీళ్ళు పొయ్యి కాడికి వస్తా ఉండాయి కదే. ఒక్క నిమిషం పని."

"రానీ."

"సిలిండరు..."

"తేలనీ! సముద్రం దాకా పోనీ! మీ అన్నా ఒక్క నిమిషమే అన్నాడు." రాసాత్తి విసవిసా నడిచి, రేకుల కప్పు కింద, సగం జరిపిన మూత మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "నన్ను లేపి ఈయన్ని దించండి, చూస్తాము."

ఆమెను లేపడానికి ఏ శాఖ అనుమతి కావాలని ఇళవరసన్ అలవాటుగా అడిగాడు. "మనిషే కదప్పా," అన్నాడు రామానుజం. ఫోను చేశాడు. ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళు టీ చల్లారేలోగా వచ్చారు. పుదుచ్చేరిలో సర్కారు అంత వేగంగా రావడం వీధివాళ్ళు ఎన్నడూ చూడలేదు.

కానిస్టేబుళ్ళు రాసాత్తి చెరో చెయ్యి పట్టుకోబోయారు. అంతలో అన్నమ్మాళ్ ఇంట్లోంచి వచ్చింది. జుట్టు ముడేసుకుని ఉంది. పూనకం లేదు, ఊగడం లేదు. కోడలితో పదేళ్ళుగా సరిగా మాట్లాడని అత్త కోడలి మొహాన ఇంత పసుపు పూసింది, రూపాయంత బొట్టు పెట్టింది, పళ్ళెంలో కర్పూరం ముట్టించి కళ్ళకెదురుగా తిప్పింది.

"కదలొద్దే," అంది మెల్లగా.

కానిస్టేబుళ్ళు చేతులు వదిలేశారు. ఇళవరసన్ కాళ్ళు వాటంతటవే బూట్లు విప్పుకున్నాయి. రామానుజం లెంపలేసుకున్నాడు. హారతి వెలుగుతుండగా తాకరాదు, అది ఏ శాఖ పెట్టిన నియమమో ఎవరికీ తెలియదు గానీ అందరూ పాటించే నియమం అదొక్కటే.

"ఎంతసేపమ్మా?" అన్నాడు రామానుజం.

"కర్పూరం పాకెట్టు అయ్యేదాకా," అంది అన్నమ్మాళ్. ఒక బిళ్ళ ఆరకముందే ఇంకొకటి వేసింది. పాకెట్టు చిన్నది.

ఇళవరసన్ కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, భక్తిగా నిలబడ్డాడు. కళ్ళు తెరవకుండానే పక్కనున్న మునితో అన్నాడు:

"చొక్కా విప్పి రెడీగా ఉండు."