వీధి చివరికే వచ్చిన సముద్రం

మా వాగు ఉప్పగా మారడం మా పూర్వజన్మ సుకృతం! ఏడుపుగొట్టు మొహాలు ఇకనైనా నోరు మూసుకుంటే మంచిది.

సముద్రం చూడాలంటే ఒకప్పుడు రైలెక్కాలి, లాడ్జీలో గది వెతుక్కోవాలి. తోళ్ళ ఫ్యాక్టరీవారు మాకా తిప్పలు తప్పించారు. ఉప్పు పట్టించిన తోళ్ళు కడిగిన నీళ్ళను గొట్టంతో వాగులోకి వదిలి, సముద్రాన్నే మా వీధి చివరికి తెచ్చారు. ఒక్క దండైనా వేశామా వారికి?

మా అక్క సంగతే చూడండి. ఆవిడకు కిడ్నీల జబ్బు. ఉప్పు ముట్టుకుంటే ప్రాణం మీదికొస్తుందన్నాడు డాక్టరు. ఉప్పు డబ్బాకు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది మా ఆవిడ. చప్పిడి కూర మింగలేక అక్క అవస్థ పడేది. ఇప్పుడో? వాగు నీళ్ళే కొళాయిలో వస్తాయి కాబట్టి ఏది వండినా రుచే!

పైగా ఎంత ప్రశాంతత! వానపడితే చెవులు చిల్లులుపడేలా అరిచే కప్పలు ఇప్పుడు లేవు. వాటి గుడ్లు ఆ నీళ్ళలో పిల్లలైతే కదా! నత్తలు పోయాయి, తూనీగలు పోయాయి, వాటి పిల్లల్ని తిని బతికే చేపలూ పోయాయి. వల వేసే పెద్దాయన రోజంతా ఖాళీగా గట్టుమీద కూర్చుంటున్నాడు. ఇంతకంటే సుఖమేం కావాలి మనిషికి?

మొన్న తనిఖీకి ఆఫీసరు వచ్చాడు. ఫ్యాక్టరీ మేనేజరు వాగు నీళ్ళు నింపిన గాజుతొట్టి చూపించాడు. అందులో చేపలు హాయిగా ఈదుతున్నాయి. ఆఫీసరు వెంటనే, 'జలచరాలు ఆరోగ్యంగా ఉన్నాయి' అని రాసుకున్నాడు.

పెద్దాయన తొంగిచూసి, "అయ్యా, ఇవి సముద్రం చేపలండీ! మా వాగువి కావు," అన్నాడు.

"మంచిదేగా! సముద్రం చేపలే వచ్చి ఉంటున్నాయంటే మీ వాగు ఎంత ఎదిగిందో చూసుకో," అన్నాడు ఆఫీసరు.

ఆహా, ఏం బుర్ర! అంతటి మేధావిని దయచేసి బదిలీ చెయ్యకండి.

నిన్న డాక్టరు అక్క వాచిన కాళ్ళు నొక్కి చూసి కసిరాడు. "ఏమ్మా, దొంగచాటుగా ఉప్పు తింటున్నావా?"

పరాయి సొమ్ము పూచికపుల్లైనా ముట్టని మనిషి అక్క. తల దించేసుకుంది. "లేదు బాబూ! మా మరదలు డబ్బాకు తాళం కూడా వేసింది," అంది కళ్ళు తుడుచుకుంటూ.

నాకు సిగ్గేసింది. మేనేజరుగారూ, మీ గొట్టానికి పడాల్సిన తాళాన్ని మేం తెలివితక్కువగా మా ఉప్పు డబ్బాకు వేసుకున్నాం.