ఎతెరి నిర్బంధ సెలవు

జూన్ పదకొండో తేదీ మధ్యాహ్నం రెండు గంటలకు స్ట్రోమ్‌హుల్ట్ పురపాలక సంఘం ఛైర్మన్ యాల్మర్ గారు, తమ ఊరు ఇకమీదట ఎవరి మీదా ఆధారపడబోదని ప్రకటించారు. లైబ్రరీ హాల్లో జరిగిన ఈ చారిత్రక సభకు పద్నాలుగు మంది హాజరయ్యారు. వారిలో తొమ్మిది మంది కాఫీ, దాల్చినచెక్క బన్ను కోసం వచ్చినవాళ్లే అయినా చప్పట్ల విషయంలో ఎవరికీ తీసిపోలేదు.

"మన పని మనమే చేసుకుంటాం! బయటివాళ్లు వచ్చి చేసిపెట్టే రోజులు పోయాయి!" అంటూ ఛైర్మన్ గారు బల్ల గుద్దారు. కాఫీ కప్పులు గలగలమన్నాయి. సెప్టెంబర్లో ఎన్నికలు.

ఆ ఉపన్యాసం రాసింది సంఘం కార్యదర్శి ఆర్విద్. పదకొండేళ్లుగా ఛైర్మన్ గారి నోట వచ్చే ప్రతి గొప్ప మాటా ముందు ఆర్విద్ చేతి మీదుగానే వెళుతోంది. ఎక్కడ బల్ల గుద్దాలో మార్జిన్లో రాసిపెట్టేదీ అతనే. ఇంత నిండైన నాయకుడికి రాసిపెట్టే భాగ్యం అందరికీ దొరకదని అతని నమ్మకం.

సభ ముగిసి ఆఫీసుకు వచ్చేసరికి అతని బల్ల మీద పర్మిట్ల ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం ఉంది. అది ఎతెరి వీసా గురించి. ఊరి మురుగునీటి ప్లాంటును నడిపే మనిషి ఎతెరి ఒక్కతే. జార్జియా నుంచి వచ్చిన ఇంజినీరు. యజమాని పూచీ మీద ఇచ్చే పని వీసా ఆమెది. ఆ యజమాని పురపాలక సంఘమే. నాలుగేళ్ల గడువు తీరిపోతోందని పొడిగింపుకు దరఖాస్తు పెట్టారు.

ఉత్తరం క్లుప్తంగా ఉంది. "మీ ఉద్యోగిని నాలుగేళ్లలో తొమ్మిది రోజులే సెలవు తీసుకున్నారు. చట్ట ప్రకారం ఏడాదికి ఇరవై అయిదు రోజులు ఇవ్వాలి. మీరు ఆమెతో విశ్రాంతి లేకుండా చాకిరీ చేయిస్తున్నట్టు కనబడుతోంది. ఇలాంటి యజమాని పూచీ మీద వీసా పొడిగించలేం. ఆగస్టు పదిహేనులోగా తప్పు దిద్దుకుని రుజువులు పంపండి. లేనిపక్షంలో ఉద్యోగిని దేశం విడిచి వెళ్లాలి."

తప్పు చేసింది యజమాని, వెళ్లిపోవాల్సింది ఉద్యోగిని. ఏదో పొరపాటు పడ్డానేమోనని ఆర్విద్ మళ్లీ చదివాడు. రెండోసారీ అలాగే ఉంది.

సాయంత్రం ముగ్గురూ ఛైర్మన్ గారి గదిలో కూర్చున్నారు. ఎతెరి బూట్లు గుమ్మం దగ్గర విడిచి మేజోళ్లతో వచ్చింది.

"ఏమ్మా ఎతెరీ, సెలవెందుకు పెట్టలేదు?" అని ఛైర్మన్ గారు తండ్రిలా అడిగారు.

"పెట్టానండీ, ఏటా పెట్టాను. జూలై వస్తే ఊరంతా సెలవు మీద పోతుంది, నువ్వూ పోతే ప్లాంటు ఎవరు చూస్తారని మీరే కొట్టేశారు."

"నేనా?"

ఆర్విద్ చిన్నగా దగ్గాడు. "కొట్టేసి ఉత్తమ ఉద్యోగి సర్టిఫికెట్ ఇచ్చారు. రెండుసార్లు."

"మరి ఆ సంగతి వాళ్లకెలా తెలిసింది?"

దరఖాస్తుకు ఆ సర్టిఫికెట్లు జత చేసింది ఆర్విదే. 'ఒక్క రోజు కూడా సెలవడగని ఆదర్శమూర్తి' అని వాటి మీద బంగారు అక్షరాలతో ఉంది. ఆ వాక్యమూ అతను రాసిందే. ఇంత మంచి మాట చూస్తే ఎవరైనా వీసా ఇవ్వకుండా ఉండలేరని రంగుల్లో ప్రింటు తీయించాడు.

"నన్ను పంపించేస్తారా ఆర్విద్ గారూ?" అంది ఎతెరి. "నా సంగతి సరే. మా అమ్మాయి తామర్ ఇక్కడికొచ్చినప్పుడు తొమ్మిదేళ్లది. ఇప్పుడు నిద్రలో కూడా మీ ఊరి యాసే మాట్లాడుతోంది. మొన్ననే స్కూలు జట్టులో గోల్‌కీపర్ని చేశారు. ఇప్పుడు దాన్ని పట్టుకెళ్లి ఎక్కడ పెట్టను?"

ఆర్విద్ ఆ ఉత్తరాన్ని మడిచి మళ్లీ విప్పాడు. ఛైర్మన్ గారు మాత్రం మళ్లీ బల్ల గుద్దారు. ఈసారి మార్జిన్లో ఎవరూ రాయలేదు.

"దిద్దుకుందాం! నీకు సెలవిస్తాం. ఇలాంటి సెలవు ఈ దేశంలో ఎవరూ తీసుకుని ఉండకూడదు!"

మర్నాడే తీర్మానం అయింది. జూలై ఒకటి నుంచి అయిదు వారాల పాటు ఎతెరి నిర్బంధంగా విశ్రాంతి తీసుకోవాలి. ప్లాంటుకు మూడు వందల మీటర్ల లోపలికి రాకూడదు. పానా పట్టుకోకూడదు. పడక కుర్చీలో కూర్చుని రోజుకు రెండు ఫొటోలు దిగాలి. విశ్రాంతి సక్రమంగా సాగుతోందో లేదో చూడటానికి ఒక పర్యవేక్షకుణ్ని నియమించారు. ఆ గౌరవం ఆర్విద్‌కి దక్కింది. అందుకోసం అతని సెలవు రద్దయింది.

"ప్లాంటు మాటేమిటండీ? జూలైలో మనుషులు దొరకరు," అన్నాడు ఆర్విద్.

"కంప్యూటరుంది కదయ్యా. అదే నడుపుతుంది. అవసరమైతే నేనున్నాను."

కంప్యూటరు నిజంగానే ఉంది. ఏదైనా తేడా వస్తే అది ఎతెరి ఫోనుకు కబురు పంపుతుంది. ఫోను చూస్తే పని చేసినట్టు లెక్క కాబట్టి దాన్ని ఆర్విద్ సొరుగులో పెట్టారు. మొదటి శుక్రవారానికి అది అరవై ఒక్కసార్లు మోగింది. ఆర్విద్ సొరుగు మూసి, దాని ముందుకు కుర్చీ జరిపి, చెవుల్లో దూది పెట్టుకుని పని చేసుకున్నాడు.

మొదటి ఫొటోల్లో ఎతెరి ముఖం చూస్తే ఎవరో కట్టి కూర్చోబెట్టారనిపిస్తుంది. "నవ్వమను," అని ఛైర్మన్ గారు ఫొటో వెనక్కి పంపారు. ఆర్విద్ వెళ్లి నవ్వమన్నాడు. రెండో ఫొటో ఇంకా భయంకరంగా వచ్చింది. చివరికి పత్రిక ఒకటి ముఖానికి అడ్డం పెట్టి తీశారు.

రెండో వారానికి గాలి మారింది. చెరువు గట్టున ఐస్‌క్రీమ్ తినేవాళ్లు సగం తిని లేచిపోతున్నారు. దీనికి ఛైర్మన్ గారు వెంటనే పత్రికా ప్రకటన ఇచ్చారు. చుట్టుపక్కల రైతులు ఉత్సాహంగా ఎరువు వేస్తున్నారనీ, మన వ్యవసాయానికి ఇది శుభసూచకమనీ అందులో ఉంది. ఏటా జరిగే ఈత పోటీని గట్టు మీద నడక పోటీగా మార్చారు. ఆరోగ్యానికి నడకే మంచిదని కిందటి ఏడాదే తమకు తోచిందని ఛైర్మన్ గారు చెప్పారు.

ఆర్విద్ ఆగలేక ఎతెరి పెరట్లోకి వెళ్లాడు. ఆమె పడక కుర్చీలో నిటారుగా కూర్చుని గాలి వాసన చూస్తోంది.

"ఎతెరమ్మా, ఊరికే అడుగుతున్నా. ఎక్కడో ఒక ఊళ్లో, మన ఊరు కాదులే, మూడో పంపు పిల్లిలా అరుస్తోందనుకో..."

"ఎలాంటి అరుపు? ఆకలేసిన పిల్లా, తోక తొక్కిన పిల్లా?"

"తోక తొక్కినట్టే ఉంది."

ఎతెరి సగం లేచింది. మళ్లీ కూర్చుంది. "ఇది పనా, కబురా?"

"కబురే."

"నా వీసా మీద ఒట్టేసి చెప్పండి."

ఆర్విద్ ఒట్టేయలేకపోయాడు.

"అయితే నేను చెప్పను. ఒక్క వాల్వు తిప్పితే సరిపోతుంది, అరనిమిషం పని. ఎటు తిప్పాలో చెప్పానంటే సెలవులో పని చేసినట్టు. మళ్లీ ఆ ఉత్తరమే వస్తుంది." ఆమె రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. "నాలుగేళ్లు పని చేసినందుకు పొమ్మన్నారు. ఇప్పుడు మా పిల్ల కోసం చేతులు కట్టుకు కూర్చున్నా. కూర్చోవడం ఇంత కష్టమని నాకు తెలీదండీ."

ఆర్విద్‌కి సిగ్గేసింది. ఫొటో తీయకుండానే తిరిగొచ్చాడు.

మూడో వారం ఛైర్మన్ గారింటి నేలమాళిగలోకి నీళ్లొచ్చాయి. ఎలాంటి నీళ్లో చెప్పక్కర్లేదు. అక్కడ దాచిన ఎన్నికల కరపత్రాలు ఆరు పెట్టెలు తేలాయి. ఆ పూటే ఛైర్మన్ గారు పొరుగున ఉన్న అల్నెమూ ఊరికి ఫోను చేశారు. అందరూ భోజనాలకు కూర్చునే వేళ చూసుకుని నాలుగు ట్యాంకర్లు ఊళ్లోకి వచ్చాయి. వాటి మీద అల్నెమూ పేరు కనబడకుండా దుప్పట్లు కప్పారు. మొదటి ట్యాంకరులోంచి అల్నెమూ ఛైర్మన్ గున్వర్ గారే దిగారు. ఆవిడ నోటికి భయపడనివాళ్లు ఆ చుట్టుపక్కల లేరు.

"ఏం యాల్మర్, బండ్లకు దుప్పట్లు కప్పావేం? చలేస్తోందా వాటికి?"

"ఎండకి రంగు పోతుందని."

"ఎవరి రంగు పోతుందనీ?" అని ఆవిడ ముక్కు మూసుకుని నవ్వింది. "నీ ఇంజినీరమ్మ ఏదీ?"

"విశ్రాంతిలో ఉంది."

"నిన్ను చూస్తే ఆవిడ విశ్రాంతి బాగానే సాగుతున్నట్టుంది."

అల్నెమూ మనుషులు ఎనిమిది మంది వారం పాటు రోజూ వచ్చి తోడిపోశారు. పంపు మాత్రం ఎవరికీ లొంగలేదు.

ఆగస్టు అయిదున నివేదిక రాసే ఘడియ వచ్చింది. సెలవు ఫొటోలు దాదాపు డెబ్బై పోగయ్యాయి. ఆర్విద్ పదకొండేళ్లలో మొదటిసారి విశేషణం లేకుండా రెండే వాక్యాలు రాసి ఛైర్మన్ గారి ముందు పెట్టాడు. "ఈ పని మాకు చేతకాదు. ఆమెకు చేతనవును, కాబట్టి ఆమె మాకు కావాలి."

ఛైర్మన్ గారు చదివి, పాము కనబడినట్టు వెనక్కి జరిగారు. "చేతకాదా? ఎన్నికల ముందా? నీకు మతిపోయిందా ఆర్విద్?" రెండు వాక్యాలనూ ఎర్ర సిరాతో కొట్టేసి, స్వహస్తాలతో ఇలా రాశారు: "సదరు ఉద్యోగిని అయిదు వారాలు సంపూర్ణ విశ్రాంతిలో ఉన్నారు. అయినా మా ఊరు ఒక్క క్షణం ఆగలేదు. ప్లాంటును నేనే స్వయంగా నడిపించాను. ఈ కాలంలో ఒక్క ఫిర్యాదు కూడా నమోదు కాలేదు."

ఆఖరి మాట అక్షరాలా నిజం. ఫిర్యాదులు నమోదు చేసే ఆవిడ జూలై అంతా సెలవులో ఉంది.

"ఆ రెండో వాక్యం, మూడో వాక్యం తీసేద్దామండీ. ఆమెకు దెబ్బ తగులుతుందేమో," అన్నాడు ఆర్విద్.

"దెబ్బేమిటి? సెలవు ఇచ్చారా అని అడిగారు, ఇచ్చామంటున్నాం. మిగతాది ఊరి పరువు. పత్రికకు కూడా ఒక కాపీ పంపు. జవాబొచ్చేదాకా ఆమెను ప్లాంటు వైపు రానివ్వకు."

ఆర్విద్ పంపాడు. కొట్టేసిన కాగితాన్ని మాత్రం చెత్తబుట్టలో వేయకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం అతను అల్నెమూ బస్సెక్కాడు. పదకొండేళ్లలో ఛైర్మన్ గారికి చెప్పకుండా చేసిన పని అదొక్కటే.

సెప్టెంబర్ మొదటి వారంలో పర్మిట్ల ఆఫీసు జవాబిచ్చింది. తప్పు చక్కగా దిద్దుకున్నందుకు ముందుగా అభినందించింది. ఆ తర్వాత, ఛైర్మన్ గారే ఆ పనిని స్వయంగా, ఒక్క ఫిర్యాదు కూడా లేకుండా నిర్వహించగలరని రుజువైనందున, అందుకోసం విదేశం నుంచి మనిషిని తెచ్చుకోవలసిన అవసరం స్ట్రోమ్‌హుల్ట్‌కు లేదని నిర్ణయించింది. పొడిగింపు తిరస్కరించారు.

అదే కవరులో ఇంకో కాగితం ఉంది. అల్నెమూ పురపాలక సంఘం పూచీ మీద ఎతెరికి కొత్త పని వీసా మంజూరైంది. దాని వెనక అల్నెమూ దరఖాస్తు నకలు ఉంది. గున్వర్ గారి సంతకం పైన రెండే వాక్యాలున్నాయి. ఆర్విద్ వాటిని చదవనవసరం లేకపోయింది.

ఆ సాయంత్రం అత్యవసర సమావేశం జరిగింది. ప్రతిపక్షం లేచి ఛైర్మన్ గారిని మనసారా అభినందించింది. కొత్త మనిషి దొరికేవరకు ప్లాంటును స్వయంగా నడిపే బాధ్యత వారికే అప్పగించాలని ప్రతిపాదించింది. వ్యతిరేకించడానికి స్వపక్షం దగ్గర ఒక్క కారణమూ లేదు, పత్రికలో అంతా అచ్చయి ఉంది. తీర్మానం ఏకగ్రీవమైంది.

సోమవారం ఉదయం ఏడు గంటలకు ఛైర్మన్ గారు మోకాళ్లదాకా రబ్బరు బూట్లు వేసుకుని ప్లాంటు గేటు దగ్గర నిలబడ్డారు. ఫొటో తీయడానికి ఆర్విద్ వచ్చాడు. లోపల మూడో పంపు అరుస్తోంది. అల్నెమూ బస్సు ఇంకా రాలేదు. స్టాపులో ఎతెరి, పక్కనే గోల్‌కీపర్ చేతితొడుగులు మెడలో వేలాడేసుకుని తామర్ ఉన్నారు. పిల్ల స్కూలు మారలేదు. తల్లిని బస్సెక్కించడానికి వచ్చింది.

ఎతెరి రోడ్డు దాటి వచ్చి తాళాలగుత్తి ఛైర్మన్ గారి చేతిలో పెట్టింది.

"ఇప్పుడు చెప్పొచ్చండీ, నేను మీ ఉద్యోగిని కాదు కదా. మూడో పంపు అలా అరిస్తే వాల్వు ఎడమకి తిప్పాలి. మెల్లిగా. కుడికి మాత్రం తిప్పకండి."

"నాకు తెలీదా అమ్మా! అయిదు వారాలు నడిపినవాణ్ని," అన్నారు ఛైర్మన్ గారు.

బస్సు వచ్చింది. ఎతెరి ఎక్కి, కూతురికి చెయ్యి ఊపి, కిటికీ అద్దం గట్టిగా మూసుకుంది. ఛైర్మన్ గారు లోపలికి వెళ్లి, ఆర్విద్ కెమెరా వైపు చూసి నిండుగా నవ్వుతూ, వాల్వును కుడికి తిప్పారు.