గుడ్ల సత్రానికి నల్లరంగు కంతలు

ఒక పెద్ద అడవిలో తాతల నాటి రాతి సత్రం ఒకటుండేది. నేల మీద గుడ్లు పెట్టే పిట్టలన్నీ అక్కడే పొదిగేవి. గోడల పైభాగంలో తొమ్మిది కంతలు. ముసలి ఉడుమవ్వ వాటిని ఎండాకాలం తెరిచి వేడిగాలిని బయటికి పోనిచ్చేది, చలికాలం గడ్డి కుక్కేది. ఇందుకు ఆవిడ ఏ కాలేజీలోనూ చదవలేదు పాపం. అదే ఆవిడ చేసిన తప్పు.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. సత్రంలో చల్లదనం పొదుపు చెయ్యాలంటూ సభాపతి ఏనుగుగారు నక్కను నిపుణుడిగా వేశారు. నక్క పట్నంలో ఒక ఆఫీసు కిటికీ కింద మూడు రోజులు ఎంగిలి విస్తరాకులు నాకి వచ్చింది. ఇంకేం అర్హత కావాలి?

"పట్నంలో ఏసీ గదికి ఒక్క కంత ఉండదండీ! ఇక్కడ తొమ్మిది! చల్లదనమంతా కారిపోతోంది," అని నక్క అన్నీ బంకమట్టితో పూడ్పించింది.

"అయ్యో, పురాతన కట్టడం! రూపు మారితే ఒప్పుకోను," అని పాత కట్టడాల అధికారి నెమలి పురి విప్పింది. సరే, మట్టి మీద లోపలా బయటా తొమ్మిదేసి నల్ల సున్నాలు గీయించారు. దూరం నుంచి అచ్చం కంతలే. నెమలి సంతకం పెట్టేసింది.

నాలుగు రోజులకి లోపల పెనంలా కాలిపోతోంది. ఏడు గుడ్ల తల్లి పూరేడుపిట్ట నక్క దగ్గరికి పరుగెత్తింది.

"అయ్యా, నా పిల్లలు గుడ్లలోనే ఉడికిపోతున్నారు!"

"ఏసీ రెండో విడతలో వస్తుందమ్మా."

"అదెప్పుడు?"

"మొదటి విడత బాగుందని మీరు రాసిచ్చాక."

మూడు అర్జీలు పెట్టింది. మూడింటికీ అదే జవాబు. సత్రానికి తిరిగొచ్చి చెవి ఆనిస్తే రెండు గుడ్లలో అలికిడి లేదు. పూరేడు గుండెలు బాదుకుని ఏడ్చింది.

"ఏడవకే తల్లీ. ప్రారంభోత్సవం చెయ్యమని పిలు. మిట్టమధ్యాహ్నం," అంది ఉడుమవ్వ.

ప్రారంభోత్సవం అనగానే ఏనుగుగారు స్నానం చేసి మరీ, నక్కనీ నెమలినీ వెంటబెట్టుకుని వచ్చారు. అందరూ లోపలికెళ్ళాక ఉడుమవ్వ రాతి తలుపు మూసి గడియ పెట్టింది. "చల్లదనం కారిపోతుంది కదండీ!" అంది బయట్నుంచి.

నక్క ఉపన్యాసం ఎత్తుకుంది. రెండో మాటకే నాలుక బయటపడింది. నెమలి ఈకలు వాల్చేసి కూలబడింది. "గాలి! గాలి!" అంటూ నక్క ఎగిరి ఒక కంతలో మూతి పెట్టబోయింది. తను గీయించిన సున్నాయే అది! మూతి పచ్చడై, నల్లరంగు పులుముకుంది.

"ఎవడ్రా ఈ కంతలు పూడ్చింది?" అని ఘీంకరించి ఏనుగుగారు దంతాలతో తొమ్మిదీ పొడిచేశారు. గాలి ఆడింది.

ఐదు గుడ్లు పిల్లలయ్యాయి. మిగతా రెండింటి మీద నుంచి పూరేడు చాలా రోజులు లేవలేదు. గోడకు కంతలు పెట్టే కొత్త పద్ధతి కనిపెట్టినందుకు నక్కకు సన్మానం జరిగింది.

నీతి ఏమిటంటారా? అర్జీ పెట్టి బయట కూర్చోకండి, అధికారిని లోపల కూర్చోబెట్టి తలుపు వెయ్యండి.