నిలబడినవాళ్లకే బల్ల

ఒక పెద్ద అడవిలో జంతువులన్నీ కలిసి చర్చి కట్టుకున్నాయి. కొంగ అయ్యగారు పాస్టరు. ప్రార్థన చేసినా, ప్రసంగం చేసినా ఆయన నిలబడేది ఒంటికాలి మీదే. ఎదురుచెబితే లేచేదీ ఒంటికాలి మీదే.

ఆ సంఘంలో ఎలీశమ్మ అనే దుప్పి ఉండేది. గాలివానకి చెట్టు కూలి ఆమె వెనక కాళ్లు రెండూ పడిపోయాయి. అయినా ఆదివారం వస్తే చాలు, ముందుకాళ్లతో ఒళ్లు ఈడ్చుకుంటూ వచ్చి కీర్తన ఎత్తుకునేది. ప్రభువు బల్లలో అందరితోపాటు తన రొట్టెముక్క తీసుకుంటే ఆమెకి కడుపు నిండిపోయేది.

ఒక ఆదివారం అయ్యగారు ఊగిపోతూ బోధించారు. "విశ్వాసంలో నిలబడినవాళ్లకే ఈ బల్ల!"

గుమ్మం దగ్గర ఉండే సంఘపెద్ద నక్క గాబ్రియేలు. ఆ మాట చెవిన పడగానే అట్టముక్క మీద రాసి తలుపుకి కట్టేశాడు. మరుసటి ఆదివారం ఎలీశమ్మని ఆపేశాడు.

"లేచి నిలబడు ఎలీశమ్మా."

"లేవగలిగితే లేవనా గాబ్రియేలన్నా?"

"అయితే విశ్వాసం చాల్లేదన్నమాట. ఆ మద్దిచెట్టు కింద ఉండు. నీకోసం స్వస్థత కూడికలు పెడతాం. పై ఆదివారం బిషప్పుగారొస్తున్నారు. ఆయన ముందు లేచి సాక్ష్యం చెప్పావంటే మన సంఘానికి ఎంత పేరు!"

వారమంతా ఆమె తలమీద చేతులుంచి ప్రార్థించారు. ఎలుగుబంటి చెయ్యి బరువుకి మెడ పట్టేసింది గానీ కాళ్లు మాత్రం లేవలేదు. నీకేం కావాలమ్మా అని అడిగిన నాథుడు లేడు. కాళ్లు పోయిన రోజున కూడా ఎలీశమ్మ ఇంతగా ఏడవలేదు.

బిషప్పుగారి ఆదివారం రానే వచ్చింది. లోపల డప్పులు, తాళాలు. గుమ్మం ముందుకి ఒక ముసలి తాబేలు మెడకి సంచి వేసుకుని వచ్చింది.

"లేచి నిలబడు తాతా," అన్నాడు నక్క.

"నిలబడే ఉన్నాను నాయనా."

నక్క వంగి చూశాడు. పక్కకెళ్లి చూశాడు. "దీన్ని నిలబడటం అంటారా? వెళ్లి ఆ చెట్టుకింద ఉండు."

తాబేలు మెల్లగా చెట్టుకిందికి చేరింది. "నువ్వెందుకమ్మా బయట?"

"విశ్వాసంలో నిలబడలేకపోయాను తాతా."

"నేను నిలబడ్డా వీళ్లకి కనబడలేదులే," అంటూ తాబేలు సంచి విప్పి, రొట్టె తీసి, స్తోత్రం చెప్పి విరిచింది. "తీసుకో తల్లీ."

బిషప్పుగారు ఇంకా రాలేదేమా అని కొంగ అయ్యగారు మెడ చాచుకుంటూ బయటికొచ్చి గతుక్కుమన్నారు.

"వందనాలు బిషప్పుగారూ! ఇక్కడ కూర్చున్నారేమిటి?"

"నిలబడే ఉన్నానయ్యా," అన్నారు బిషప్పు తాబేలు. "అందర్నీ ఇక్కడికే పిలువు. వచ్చి మా పక్కన కూర్చోమను. బల్ల ఇక్కడే."

అందరూ బిలబిలా వచ్చి కూర్చున్నారు. అలా కూర్చోవడం చేతగాక కొంగ అయ్యగారు ఓ వార నిలబడిపోయారు. నక్క అది కనిపెట్టాడు.

తరవాతి ఆదివారం తలుపుకి కొత్త అట్ట వేలాడింది: 'కూర్చున్నవాళ్లకే బల్ల'.

"కూర్చోండి అయ్యగారూ," అన్నాడు నక్క.

"నా కాళ్లు అలా మడవవయ్యా గాబ్రియేలూ."

"అయితే విశ్వాసం చాల్లేదన్నమాట. ఆ మద్దిచెట్టు కింద ఉండండి."

ఈసారి ఆయన ఒంటికాలి మీద లేవలేదు. చెట్టువైపు తిరిగారు. లోపలినుంచి ఎలీశమ్మ గొంతు వినబడింది.

"అయ్యగార్ని రానివ్వన్నా. నా పక్కన చోటుంది. నిలబడే తీసుకుంటారు."

కొంగ అయ్యగారు తల వంచుకుని లోపలికి వచ్చారు. ఆ రోజు ఆయన రెండుకాళ్లూ నేలమీదే ఉన్నాయి. నక్క మాత్రం గుమ్మంలోనే ఆగి, పడుకున్నవాళ్ల సంగతేం చేయాలా అని ఆలోచనలో పడ్డాడు.

నీతి: గుమ్మం దగ్గర నక్క ఉన్నంతకాలం, ఎవరివో ఒకరి కాళ్లు తప్పుగానే ఉంటాయి.