అత్తగారి మెడలో మీట

దర్శిలో వెంకటరావమ్మగారు స్నానాల గదిలో జారిపడ్డారని విన్నప్పుడు ఒంగోలులో ఉన్న అల్లుడు బాపయ్యకు నిజంగానే బాధ కలిగింది. "అమ్మను మన దగ్గరకు తెచ్చుకుందామండీ, ముందు గదిలో ఉంటుంది" అని భార్య సామ్రాజ్యం అన్నాక ఆ బాధ రెండింతలైంది.

ముందు గదిలో బాపయ్య టీవీ ఉంది, పడక్కుర్చీ ఉంది, ఆదివారం ఉంది. వెంకటరావమ్మగారు ముప్పై ఏళ్ళు హైస్కూల్లో హిందీ చెప్పి రిటైరైన మనిషి. అల్లుడు ఇంట్లోకి వచ్చినా హాజరు వేస్తున్నట్టే చూస్తారు.

"పాపం, గంటసేపు నేలమీదే ఉందట. చెంబుతో గోడ కొడితే పక్కింటి ఖైరున్నీసా విని లేపింది. ఒంటరిగా ఎలా వదిలేస్తాం?" అంది సామ్రాజ్యం.

"వదలను. పడితే మనల్ని పిలిచే మిషను పెట్టిస్తాను" అన్నాడు బాపయ్య.

అది రెండువేల నాలుగో సంవత్సరం. అలాంటి మిషన్లు గుంటూరులో దొరుకుతాయని ఆఫీసులో ఎవరో చెబితే, మర్నాడే సెలవు పెట్టి ముబీన్ ఎలక్ట్రికల్ షాపుకు వెళ్ళాడు.

ముబీన్ మొదట వైరు గంట చూపించాడు. "పడితే గోడదాకా వెళ్ళి నొక్కాలి సార్."

"గోడదాకా వెళ్ళగలిగిన మనిషికి గంటెందుకయ్యా?"

ముబీన్ వైరు లేని గంట తీశాడు. "ఇది పక్కింటిదాకా వినిపిస్తుంది."

"ఒంగోలుకు?"

"దానికి ఆవిడ అరిస్తేనే నయం సార్" అని ముబీన్ మూడోది తీశాడు. ఫోనుకు తగిలించే పెట్టె. మెడలో వేసుకునే మీట నొక్కితే అదే నంబర్లు తిప్పి, ముందే రికార్డు చేసిన మాట వినిపిస్తుంది. "ఏది వీలుగా ఉంటుందో పెద్దావిణ్ణి ఒకమాట అడగండి సార్. మాట కూడా ఆవిడ గొంతుతో పెడితే మంచిది."

"ఆవిడకేం తెలుసు? నేను చూసుకుంటాగా" అని, అక్కడే నిలబడి తన గొంతుతో రికార్డు చేశాడు: "నేను వెంకటరావమ్మను. పడిపోయాను. వెంటనే రండి." మొదటి నంబరు తన ఆఫీసుది, రెండోది ఇంటిది. పక్కింట్లో ఫోను లేదు కాబట్టి ఖైరున్నీసా లెక్కలోకి రాలేదు.

మీట మెడలో పడ్డ నాలుగో రోజున ఆఫీసులో ఫోను మోగింది. ఆఫీసరు వెంకటనారాయణగారు ఎత్తి విన్నారు. ఎదురుగా ఫైలుతో నిలబడ్డ బాపయ్యను చూశారు. మళ్ళీ విన్నారు.

"బాపయ్యా, నువ్వు వెంకటరావమ్మవంట. పడిపోయావంట."

"నేను ఇక్కడే ఉన్నాను సార్."

"అదే నాకూ అర్థం కావట్లేదు."

పరుగున బస్సెక్కి దర్శి చేరేసరికి అత్తగారు చేట ముందేసుకుని మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. వంగినప్పుడు మీట చేట అంచుకు నొక్కుకుపోయిందట. ఆ తరవాతి వారం ఖైరున్నీసా మనవరాలు మీటను కొరికింది. అప్పుడూ బాపయ్య వెళ్ళాడు. ఆఫీసులో అతన్ని వెంకటరావమ్మగారూ అని పిలవడం మొదలుపెట్టారు.

మూడోసారి ఆదివారం మోగింది. సామ్రాజ్యం చీరాలలో పెళ్ళికి వెళ్ళింది. టీవీలో మ్యాచ్ రసపట్టులో ఉంది. తన గొంతు తానే విని బాపయ్య ఫోను పెట్టేశాడు. "ఈసారి ఏ పిల్లి నొక్కిందో" అనుకుని రెండు ఓవర్లు చూశాడు.

మూడో ఓవర్లో మనసు ఆగలేదు. తిరిగి ఫోను చేస్తే ఎంగేజ్. ఇంకోసారి చేసినా ఎంగేజే. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని బస్టాండుకు పరిగెత్తాడు. గంటన్నర ప్రయాణంలో అతనికి కనిపించిందల్లా తడినేల, గోడకు తగులుతున్న చెంబు. ఆ రెండు ఓవర్లు ఎవరు ఆడారో కూడా గుర్తులేదు.

దర్శిలో వెంకటరావమ్మగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పక్కన ఖైరున్నీసా కుట్టుమిషను తొక్కుతోంది. బాపయ్య మెట్టుమీద కూలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు వచ్చాయి.

ఆవిడ ఆ ముఖం చూసి, లేచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు.

"ఈసారి నేనే నొక్కానండీ. రిసీవరు కూడా పక్కన పెట్టాను. లేకపోతే ఫోనులోనే ముగించేస్తారు. మీతో ఎదురుగా మాట్లాడాలి" అన్నారు. "నేను ఒంగోలు వస్తానని ఎవరన్నారు?"

"సామ్రాజ్యం."

"నేను దానికి చెప్పింది స్నానాల గదిలో గరుకు బండలు వేయించి, పట్టుకోడానికి ఒక కడ్డీ పెట్టించమని. రెండేళ్ళనుంచి చెబుతున్నాను. నాకు ఇక్కడ ఖైరున్నీసా ఉంది, పొద్దున్నే కబుర్లున్నాయి. మీ ముందు గదిలో ఏముంది?"

టీవీ, పడక్కుర్చీ గుర్తొచ్చి బాపయ్య గ్లాసు కింద పెట్టాడు.

"మీట ఉంచుకుంటాను. మాట మాత్రం నాది పెట్టండి. మొదటి నంబరు ఖైరున్నీసా కొడుకు అంగడిది పెట్టండి, సందు చివరే ఉంది. మగగొంతుతో నేను పడిపోవడం బాగాలేదు."

సాయంత్రం ఇల్లు చేరి బాపయ్య భార్యను నిలదీశాడు. "మీ అమ్మ వస్తానంది అని నాకు అబద్ధం చెప్పావు."

"వస్తానంది అని నేననలేదు. తెచ్చుకుందాం అన్నాను" అంది సామ్రాజ్యం, పెళ్ళి చీర మడతపెడుతూ. "బండలు వేయించండి అని రెండేళ్ళు నిజమే చెప్పాను. కుర్చీలోంచి లేచారా? ముందు గది అన్నాను, గుంటూరు దాకా వెళ్ళొచ్చారు."

"బండల సంగతి నాకు సరిగా చెప్పలేదు."

"మ్యాచ్ లేనప్పుడు చెబుదామని చూశాను. దొరకలేదు."

తరవాతి ఆదివారం దర్శిలో మేస్త్రీ రంజాన్ గరుకు బండలు పరిచాడు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, బాపయ్య ఇనప కడ్డీని గోడకు ఆనించి పట్టుకున్నాడు. తన నడుమెత్తున సుద్దతో గీత గీయబోయి, ఆగి, గుమ్మంలో నిలబడ్డ అత్తగారివైపు తిరిగాడు.

"ఎంత ఎత్తులో పెట్టించమంటారు అత్తయ్యగారూ?"

వెంకటరావమ్మగారు ఖైరున్నీసా వంక చూశారు. "విన్నావా, అడిగారు" అన్నారు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, తన చెయ్యి అందేచోట గోడమీద వేలు పెట్టి చూపించారు.