ప్రశాంతత హక్కు

లుమారే దీవిలో స్థిరపడిన వాళ్లకు, ఆ దేశ చట్టం ప్రకారం, పక్కిల్లు కంటికి ఆనకుండా జరిగిపోతుంది. పెట్టుబడి కూడా పెడితే, ఆ తర్వాత దగ్గరున్నవాళ్లు జరుగుతారు. నేల సాగి చోటిస్తుంది. దీన్ని అక్కడ ప్రశాంతత హక్కు అంటారు.

కాకినాడలో టైల్స్ షాపు అమ్మేసి వచ్చిన ముక్కామల సాంబమూర్తికి ఈ సంగతి తెలియదు. అంతకుముందు ఏడాది భార్య రాజ్యలక్ష్మితో సెలవులకు వచ్చినప్పుడు, అద్దెకు దిగిన ఇంటి పక్కనుండే మిరేలా అనే ముసలావిడ గోడమీంచి పనసతొనలు అందించేది. ఒకరి భాష ఒకరికి రాకపోయినా రాజ్యలక్ష్మి ఆవిడతో గంటలకొద్దీ మాట్లాడేది. సాంబమూర్తి కుర్చీలో పడుకుని వినేవాడు. ఆ గోడ కోసమే ఆ ఇల్లు కొన్నారు.

నివాసపత్రం చేతికొచ్చిన రోజే మిరేలా ఇల్లు, గోడతో, పనసచెట్టుతో సహా మెల్లగా కదిలింది. ఆవిడ అరుగుమీద కూర్చుని చెయ్యి ఊపుతూనే ఉంది. మధ్యాహ్నానికి చెయ్యి కనబడలేదు.

సాంబమూర్తి స్థిరనివాసాల కార్యాలయానికి వెళ్లాడు. తెలుగువాళ్ల వ్యవహారాలు చూసే ఉద్యోగి సుబ్బరాజుది భీమవరం.

"ఆవిణ్ణి వెనక్కి తెప్పించలేమా రాజుగారూ?"

"మామూలోళ్లు అడిగితే వినరండి. పెట్టుబడి పెట్టినోళ్ల మాటకి విలువుంటదండి ఇక్కడ."

సాంబమూర్తి మిగిలిన డబ్బంతా ఒక రిసార్టులో పెట్టాడు. మిరేలా రాలేదు. మర్నాడు వంటిల్లు కదిలింది. అందులో రాజ్యలక్ష్మి చారు కాస్తోంది. "ఏవండీ!" అన్న కేక వినబడి ఆయన పరిగెత్తాడు. పరిగెత్తిన కొద్దీ ఇసుక సాగింది.

"పక్కనింకెవరూ లేరు కదండీ," అన్నాడు సుబ్బరాజు సర్దిచెబుతూ. "మీకు దగ్గరున్నది మేడమ్‌గారే."

వంటిల్లు తిరిగి రావాలంటే పెట్టుబడి వెనక్కి తీసుకోవాలి; దానికి వానాకాలమంతా పట్టింది. ఆ రోజుల్లో సాంబమూర్తి ఒడ్డున నిలబడి, దూరాన వంటింటి పొగ చూస్తూ భార్యకు ఫోన్ చేసేవాడు. మొదట ఏం మాట్లాడాలో తోచేది కాదు. తర్వాత ఆవిడ చిన్నప్పుడు ఈత నేర్చుకుందని, సముద్రమంటే మాత్రం భయమని, టైల్స్ వాసనకి తలనొప్పి వచ్చేదని తెలిసింది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఇవేవీ ఆయన అడగలేదు.

ఆఖరికి డబ్బు చేతికొచ్చింది.

"రాజ్యం, రిసార్టు వదిలేశాను. రేపు వంటిల్లు బయల్దేరుతుందిట!"



"అయ్యో, నాతో ఒక్క మాట అనాల్సిందండీ. నేను నా బంగారు గాజులు అమ్మి నిన్ననే పెట్టుబడి పెట్టేశాను."

"ఎందుకే?"

"దగ్గరికొస్తే మీరు మాట్లాడరు కదండీ," అంది ఆవిడ.

అందులో కోపం లేదు. సాంబమూర్తి కాదనడానికి ఏదైనా ఒక్క రోజు గుర్తు తెచ్చుకుందామని చూశాడు. దొరకలేదు.

తెల్లారేసరికి పొగ కూడా కనబడలేదు. ఆయన ముఖం కడుక్కుని, కుర్చీ ఎండలోంచి నీడలోకి జరుపుకుని, ఫోన్ తీశాడు.

"ఏం వండుతున్నావు?" అన్నాడు.