కాలిక్యులేటర్ ఎలా చెబితే అలా

ఇంజనీరింగ్ చదివే ప్రతివాళ్ల చేతిలో ఒక పాత గ్రాఫింగ్ కాలిక్యులేటర్ ఉండి తీరాలి!

కొత్తవాటికి రంగుల తెరలు, ఇలా ముట్టుకుంటే అలా గ్రాఫులు. జవాబు అంత తొందరగా వచ్చేస్తే మనిషి ఆలోచించేదెప్పుడు? నాది, హాస్టల్ ఖాళీ చేస్తూ ఒక సీనియరక్క ఇచ్చి వెళ్లింది. ఇటుకంత బరువు, నాలుగు సెల్స్ మేత. సమీకరణం ఇస్తే ఒక్కో చుక్కా పెట్టుకుంటూ తీరిగ్గా బయల్దేరుతుంది. ఒకసారి అది గీత పూర్తి చేసేలోపు నేను జడ వేసుకున్నాను.

నాలాంటి నోరు లేనిదానికి ఇంతకు మించిన అండ ఏముంది? లెక్చరర్ ప్రశ్న వేయగానే తల వంచి బటన్లు నొక్కుతాను. "ఆ అమ్మాయి లెక్క చేస్తోంది, కదిలించకండి" అంటారాయన.

మూడేళ్లుగా చేస్తూనే ఉన్నాను!

మొన్న వైవా. నలభైకి ఇరవై రావాలి, లేదంటే ఏడాదంతా మళ్లీ చదవాలి. ఎగ్జామినర్ మొదటి ప్రశ్నే, "సైన్ గ్రాఫ్ గీయమ్మా" అన్నారు.

నొక్కాను. డిగ్రీల్లో ఉన్న సెట్టింగును రేడియన్లకు మార్చడం మరిచిపోయాను. అలలా లేచి పడాల్సిన గీత చాప పరిచినట్టు పడుకుంది. నేను పెన్సిల్ చెక్కి, స్కేలు పెట్టి మరీ దాన్ని కాగితం మీదికి దించాను.

"అల ఏదమ్మా?"

"ఇందులో రాలేదు సార్."

"అలలా ఉంటుందని నీకు తెలీదా?"

"తెలుసు సార్. ఇంటర్లో వందసార్లు గీశాను."

"మరి?"

"అది ఇలా చూపిస్తుంటే... కాదని నేనెలా అంటాను సార్?"

ఆయన నవ్వి, కళ్లజోడు తుడుచుకుని, ఇంకో రెండు ప్రశ్నలడిగారు. చివరికి "ఏడు, ఆరు, ఎనిమిది" అని పైకి చదువుతూ మార్కులు వేశారు. కింద మొత్తం పంతొమ్మిది అని రాశారు.

"అయ్యో, ఒక్క మార్కుతో పోయిందే తల్లీ!"

ఇరవై ఒకటి. మా ఊరి బడిలో రెండో తరగతి పిల్లలు నోటితో చేసే కూడిక అది. ఆయన పెన్ను మూత పెట్టేదాకా చూస్తూ నిలబడ్డాను.

"అలాగే సార్. థాంక్యూ సార్" అని, తలుపు చప్పుడు కాకుండా వేసి వచ్చేశాను.

ఇంట్లో మాత్రం కాలిక్యులేటర్ ముంచేసిందని చెప్పాను. మా నాన్న, పాపం, నాలుగు స్క్రూలూ విప్పి కూర్చుని, తప్పెక్కడుందో ఇంకా వెతుకుతున్నారు.